కోటయ్య ఎక్కిన ఓడ

“అన్నాచెల్లెళ్ళకి పెళ్ళేంట్రా? ఊళ్ళో తలెత్తుకు తిరగక్కర్లేదా?”

వెంకటేశ్వరమ్మ ఎడమచెయ్యి గాల్లో ఊపింది. ఆ చేతికి ఆరు వేళ్ళు. కోపమొస్తే చిటికెనవేలి పక్కనున్న ఆ బుల్లివేలు కూడా వణుకుతుంది. ఆవిడ పుట్టింట్లో తరానికొకరిద్దరికి అది తప్పదు. ‘ఆలూరి వారు ఇచ్చిన అరణం’ అని కోటేష్ వాళ్ళ తాత బతికినన్నాళ్ళూ ఆవిణ్ణి ఏడిపించేవాడు.

ఇవాళ కోటేష్‌కి నవ్వు రాలేదు. గేటు అవతల, మిట్టమధ్యాహ్నం ఎండలో, సూట్‌కేసు పెట్టిన కారు పక్కన ఆరాధన నిలబడి ఉంది. వచ్చి పావుగంటైనా లోపలికి రమ్మన్నవాళ్ళు లేరు. సాయంత్రం గన్నవరంలో విమానం. ఎక్కితే మళ్ళీ రానని చెప్పేసింది.

“ఇంటిపేరు కనుక్కోమన్నది నువ్వేగా నాయనమ్మా!”

“కనుక్కుందిగా! తూమాటి అని తేలిందిగా! మనమూ తూమాటి వాళ్ళమేగా! ఇంకేం మిగిలిందిరా?”

ఆరాధనది డర్బన్. మసాలా కంపెనీ తరఫున గుంటూరు యార్డులో మిరపకాయలు కొనడానికొచ్చి, కోల్డ్ స్టోరేజీ సూపర్‌వైజర్ కోటేష్‌కి మనసిచ్చింది. ఆమె తాతకి తాత నూట ఇరవై ఏళ్ళ కిందట మద్రాసులో ఓడెక్కి, అక్కడి చెరుకుతోటల్లో పనికి పోయాడు. ఆ తర్వాత ఇంటిపేరు ఎవరికీ గుర్తులేకుండా పోయింది. పాత ఓడల రికార్డులు దాచిన ఆఫీసుకి ఆమె ఉత్తరం రాస్తే, నిన్న ఒక్క ముక్క జవాబొచ్చింది. ఇంటిపేరు తూమాటి, ఊరు ప్రత్తిపాడు. పూర్తి పేజీ వెతికి పంపుతామన్నారు.

ప్రత్తిపాడులో తూమాటి వాళ్ళది ఒకటే వంశం.

“నూట ఇరవై ఏళ్ళు అండీ... చాలా దూరం కదండీ?” గేటు అవతలి నుంచి ఆరాధన కూడబలుక్కుంటూ అడిగింది.

“పురుగుమందుకుంటుందమ్మా ఎక్స్‌పైరీ డేటు, ఇంటిపేరుకి ఉండదు,” అన్నాడు కోటేష్ తండ్రి పేరయ్య. ఆయనకి సెంటర్లో పురుగుమందుల షాపుంది.

“విమానం కూడా మనకోసం ఆగదండీ!” డ్రైవర్ నాగూర్ వలి హారన్ కొట్టాడు. “తేల్చుకుంటే బయల్దేరదాం.”

అప్పుడే ఆరాధన చేతిలో ఫోన్ మోగింది. చూసి, కోటేష్‌కి గేటు మీదుగా అందించింది.

“పేజీ వచ్చింది.”

గొలుసుకట్టు ఇంగ్లీషు రాత. కోటేష్ ఒక్కో గడీ చదువుతూ తెలుగులో చెప్పాడు. “ఇంటిపేరు తూమాటి...”

“మళ్ళీ అదేగా!”

“పేరు కోటయ్య. తండ్రి వెంకయ్య. వయసు ఇరవై రెండు. పంతొమ్మిది వందల నాలుగు.”

వెంకటేశ్వరమ్మ గభాల్న లేచి నిలబడింది. “ఎవరూ? కోటయ్యా? మా మామగారి నాన్నా?”

“ఆయనే. ఆయన పేరేగా నాకు పెట్టారు.”

“ఆయన ఓడెక్కడమేంట్రా! నేను కాపురానికొచ్చాక మూడేళ్ళు ఆయనకి గంజి పోసిందెవరు? ఈ వసారాలోనే పోయాడు. కాలవ దాటాలంటేనే కళ్ళు మూసుకునే మనిషి, సముద్రం దాటతాడా?”

“మరి రికార్డు?” అన్నాడు పేరయ్య.

“కూలీల మేస్త్రీకి పేరిచ్చి మద్రాసు దాకా పోయాడట. సముద్రం చూసేసరికి చెమటలు పట్టి, తన పేరు రాసిన చీటీ పక్కవాడి చేతిలో పెట్టి పారిపోయొచ్చాడట. మా అత్త ఈ మాట చెప్పి పడీపడీ నవ్వేది.”

కోటేష్‌కి గుండెల మీంచి మిరపబస్తా దించినట్టయింది. “అంటే ఓడెక్కింది మనవాడు కాదు! ఆరాధన తూమాటి వాళ్ళమ్మాయే కాదు!”

“సంబరం ఆపరా,” అన్నాడు పేరయ్య. “తూమాటి కాకపోతే మరెవరు? చీటీ ఎవడి చేతిలో పెట్టాడో ఎవరికి తెలుసు? ఏ ఊరో ఏ ఇల్లో తెలియని సంబంధం చేసుకుంటామా?”

దించిన బస్తా మళ్ళీ నెత్తికెక్కింది. నాగూర్ వలి కారు స్టార్ట్ చేశాడు.

“చివరి గడి చదవలేదు,” అంది ఆరాధన. “ఓడ డాక్టరు రాసింది. ఒంటి మీద గుర్తులు.”

కోటేష్ ఆ గడిని రెండు వేళ్ళతో పెద్దది చేశాడు. చదివాడు. మళ్ళీ చదివాడు.

“ఎడమచేతికి... ఆరు వేళ్ళు.”

పేరయ్య చూపు నెమ్మదిగా తల్లి చేతి మీదికి పోయింది.

అందరూ ఎందుకలా బిగుసుకుపోయారో ఆరాధనకి అర్థం కాలేదు. ఎడమచెయ్యి గేటు మీదుగా చాపింది. చిటికెనవేలి పక్కన బియ్యపుగింజంత మచ్చ. “నాకూ ఉండేదండీ. పుట్టగానే తీసేశారు. మా నాన్నకి ఇంకా ఉంది.”

వెంకటేశ్వరమ్మ మెట్లు దిగింది. ఎనభై దాటిన మనిషి, ఎవరి సాయమూ లేకుండా వెళ్ళి గేటు గడియ తీసింది. ఆ చెయ్యి తన చేతిలోకి తీసుకుని, మచ్చని తడిమింది.

“మా తాతకో అన్న ఉండేవాడు, ఆయనకీ ఈ ఆరోవేలు ఉండేదట. ఎద్దుల సంతకని పోయి మళ్ళీ రాలేదు. ఎటుపోయాడో మా ఆలూరి వాళ్ళెవరికీ తెలీదు.” ఆవిడ ఆ చెయ్యి వదల్లేదు. “గంజి పోస్తుంటే ఆ ముసలాయన నా చేతివంక చూసి మొహం తిప్పుకునేవాడు. ఎందుకో అనుకునేదాన్ని.”

కళ్ళు తుడుచుకుని వెనక్కి తిరిగింది.

“ఏరా పేరయ్యా, మేనకోడల్ని ఎండలో నిలబెట్టి చూస్తావేంట్రా?”