వాగుకి ఇవతలి చుక్క

“తెర మీద వేలు పెట్టకండి పెద్దమ్మా!”

లక్ష్మీకాంత్ అరిచేసరికే ఆలస్యమైపోయింది. పెద్దమ్మ వేలు కంప్యూటరు తెర మీద ఆనింది. మిరప కళ్ళం నుంచి నేరుగా వచ్చినట్టుంది, ఆమె చీర ఘాటుకి అతనికి తుమ్ములు ఆగలేదు.

“పంచాయతీ గోడకి మీవాళ్ళు అంటించిన చిత్తు మ్యాపు చూసే వచ్చాను నాయనా. మా ఊరి నీలం చుక్క వాగుకి అవతల పడింది. ఆ బావి ఇవతల ఉంది. ఇదిగో, ఇక్కడ.”

అది 2008 ఫిబ్రవరి. ఒంగోల్లో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ ఆఫీసు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి కాళ్ళు వంకరపోతున్న ఊళ్ళకి ఏ బావి నీళ్ళు మంచివో చూపించే మ్యాపు గీస్తున్నాడు లక్ష్మీకాంత్. మంచినీళ్ళ బావికి నీలం చుక్క, ఫ్లోరైడ్ బావికి ఎర్ర చుక్క. నీలం చుక్క ఉన్నచోట మోటారు బిగించి ఊరికి కుళాయిలు ఇస్తారు.

మ్యాపుల సాఫ్ట్‌వేరు కొనాలంటే సంస్థనే అమ్ముకోవాలి. అందుకని ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరు దింపుకుని, దాంతో ఏడాదిపాటు కుస్తీపట్టి, ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నాడు. ఆ గర్వం కాస్త తలకెక్కింది కూడా.

ఏ బావి ఎక్కడుందో, దాని నీళ్ళెలాంటివో ఆ కొలతలన్నీ అతను చేరకముందే ఎవరో సేకరించి సీడీలో పెట్టారు. ఎనభై నాలుగు బావులు. పట్టిక తెరలో ఇమడడం లేదని అక్కర్లేని గడులు మూడు తీసేశాడు. తేదీ, వాతావరణం, కొలిచినవారి పేరు.

“మీ ఇల్లు ఎటువైపు పెద్దమ్మా?”

“ఇవతలే.”

“అదీ సంగతి!” అని నవ్వాడు. మా ఇంటి ముందు బోరు, మా ఇంటి ముందు కుళాయి అంటూ వచ్చేవాళ్ళు అతనికి కొత్త కాదు. “ఇవి ఉపగ్రహం చెప్పిన లెక్క ప్రకారం పడ్డ చుక్కలు. ఉపగ్రహం అబద్ధం చెప్పదు.”

“ఉపగ్రహం ఆ నీళ్ళు తాగిందా నాయనా? అవతలి బావి నీళ్ళు ముప్పైయేళ్ళు తాగాను నేను. నా కాళ్ళు చూడు.”

అతను చూడలేదు.

“ఆ బావి సంగతి నాకు తెలుసు బాబూ. నేనే గదా...”

“సోమవారం ఈ మ్యాపు కలెక్టరాఫీసుకి వెళ్ళాలి. నన్ను పని చేసుకోనివ్వండి.”

ఆమె సంచిలోంచి రెండు సీసాల నీళ్ళు తీసి బల్ల మీద పెట్టింది.

“ఇది ఇవతలిది, ఇది అవతలిది. పరీక్ష చేయించు. నా మాట తప్పయితే మళ్ళీ నీ గడప తొక్కను.”

కర్ర ఊతంతో ఒక్కో మెట్టూ దిగి వెళ్ళిపోయింది. సాయంత్రం ఇంటికి పోతూ లక్ష్మీకాంత్ ఆ రెండు సీసాలూ కిటికీలోని పూలకుండీల్లో ఒంపేశాడు.

మ్యాపుకి మంచి పేరొచ్చింది. సభ పెట్టి శాలువా కప్పారు. మ్యాపు అడుగున అతను కృతజ్ఞతలు కూడా వేశాడు, ఏయే దేశాల్లోనో కూర్చుని పైసా ఆశించకుండా ఆ సాఫ్ట్‌వేరు రాసినవాళ్ళకి. ముక్కూమొహం తెలియని ఆ మహానుభావుల గురించి మైకులో పావుగంట మాట్లాడాడు.

జులై చివర్లో నీటి సరఫరా ఇంజనీరుగారి ఫోను.

“ఏమయ్యా, ఆ వాగున్న ఊళ్ళో నీ నీలం చుక్క చూసి అవతలి బావికి మోటారు బిగించాం. ఇవాళ పరీక్ష చేయిస్తే ఫ్లోరైడ్ నీళ్ళని తేలింది. నాలుగు నెలల్నించి బడిపిల్లలు అవే తాగుతున్నారు!”

లక్ష్మీకాంత్ ఫోను పెట్టేసి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఆ సాఫ్ట్‌వేరు వాడేవాళ్ళు ఒకరికొకరు సాయం చేసుకునే ఇంటర్నెట్ బృందానికి ఉత్తరం రాశాడు. గంటలో ఎవరో జవాబిచ్చారు.

“మీ బావుల కొలతలు పాత సర్వే లెక్కలో ఉన్నాయి. వాటిని మీరు ఉపగ్రహపు కొత్త లెక్క అనుకున్నారు. అందుకే చుక్కలన్నీ రెండు వందల గజాలు పక్కకి పడ్డాయి. కొలిచిన మనిషిని ఒక్కమాట అడిగి ఉంటే అప్పుడే తెలిసేది.”

సరిచేశాడు. ఎంతసేపని, రెండు నొక్కులు. చుక్కలన్నీ ఒక్కసారి జరిగాయి. నీలం చుక్క వాగు దాటి వచ్చి, సరిగ్గా పెద్దమ్మ వేలు పెట్టిన చోట ఆగింది.

సిగ్గుతో చచ్చిపోయాడు లక్ష్మీకాంత్.

తెల్లారి మొదటి బస్సుకే ఆ ఊరు వెళ్ళాడు. పెద్దమ్మ కాళ్ళ మీద పడదామనే వెళ్ళాడు. పత్తి చేలోకి పోతున్న కోటిరత్నం అనే ఆవిడ ఎదురైంది.

“వాగుకి ఇవతల ఇల్లండీ. కర్ర పట్టుకుని నడిచే పెద్దమ్మ...”

“మస్తాన్‌బీనా? ఊళ్ళో లేదండీ. పోయిన వారమే ఇంటికి తాళమేసి ఎటో వెళ్ళిపోయింది.”

“ఎందుకు?”

కోటిరత్నం తల దించుకుంది.

“నీళ్ళు మంచివి కావని ఆసుపత్రిలో చెప్పారు గదండీ. ఊరంతా ఆమె మీద పడి తిట్టాం. నేనూ తిట్టాను. పిల్లలకి విషం పట్టించావు గదే అన్నాను.”

“ఆవిణ్ణి తిట్టడమేంటండీ? తప్పు మ్యాపుది!”

“ఆమే అంది ఆ మాట. కంప్యూటరు తప్పు చెప్పుద్దా, నువ్వే తప్పు కొలిచుంటావ్ అన్నాం.”

“ఆవిడ... కొలవడమేంటి?”

“అదేంటండీ అట్టా అడుగుతారు? రెండేళ్ళ కింద మీ సంస్థవాళ్ళే గదా, బావి ఎక్కడుందో చూపే చేతి మిషను ఇచ్చింది! కుర్రాళ్ళు రెండ్రోజులు తిరిగి ఎండకి మానేశారు. ఆ వంకర కాళ్ళేసుకుని ఊరూరూ తిరిగి అన్ని బావులూ కొలిచింది మస్తాన్‌బీ ఒక్కతే.”

పట్టికలో ఎనభై నాలుగు వరుసల్లోనూ ఉండి, తెరలో ఇమడడం లేదని లక్ష్మీకాంత్ తన చేత్తో తీసేసిన పేరు అదే.