పాసైనవాడు

యువరాజ్ మొరప్పూర్‌లో రైలు దిగాడని తెలియగానే కృష్ణప్ప లేచి వెళ్లి వీధి తలుపు గడియ పెట్టాడు. కబురు చెప్పింది పక్కింటి మాదేశ్వరన్. స్టేషన్లో తాను చూశాననీ, చూసి కూడా పలకరించలేదనీ ఫోన్లో చెప్పాడు.

అక్క లక్ష్మమ్మాళ్ బతిమాలింది. కన్నకొడుకు, ఎంతో దూరం నుంచి వస్తున్నాడు, లోపలికి రానిచ్చి ఆ అడిగేదేదో అడగమంది.

"అడిగేదేముంది అక్కా. వానికి పరీక్షే పెద్దదైపోయె. ఆ పరీక్షతోనే ఉండనీ."

ఏడాదిగా ఆ ఇంట్లో నలుగుతున్న మాట అది. యువరాజ్ సైన్యంలో నర్సింగ్ అసిస్టెంట్‌గా చేరాడు. తుపాకీ పేల్చే పని కాదు, తుపాకీ దెబ్బ తిన్నవాణ్ణి బతికించే పని. ఎక్కడో ఉత్తరాదిన ట్రైనింగ్. నెత్తురు ఆపడం, ఊపిరాడనివాడికి ఊపిరందించడం, పడిపోయిన పదిమందిలో ముందు ఎవరిని మోయాలో తేల్చుకోవడం, అన్నిటికీ పరీక్షలే. హిందీ సరిగా రాక మొదటిసారి తప్పాడు. ఈసారీ తప్పితే పెట్టె సర్దుకోవలసిందేనని చెప్పేశారు.

ఇక్కడ పెరియంపట్టిలో వాడి చెల్లెలిది ఇంకో పరీక్ష. పన్నెండేళ్ల పిల్ల, గుండెలో చిల్లుతో పుట్టింది. నాలుగడుగులు వేస్తే పెదవులు నీలమయ్యేవి. సేలంలో ఆపరేషన్ చేస్తామన్నారు. తేదీ ఇచ్చేవారు. బస్సెక్కి పోతే పిల్లకి జ్వరముందని వెనక్కి పంపేవారు. మళ్లీ తళ్ళిపోయిందని ఊళ్లో అడిగినవాళ్లకల్లా చెప్పుకోవాలి. వాయిదా పడిందనే మాట తమిళ నేల మీది ఆ తెలుగిళ్లలో ఎవరూ ఎరగరు, తమిళం మాటకు తెలుగు కలిపి తళ్ళిపోయిందనే అంటారు.

సెలవు మీద వచ్చినప్పుడు యువరాజ్ తన సాధనంతా ఆ పిల్ల మీదే చేశాడు. చేతికి కట్టు కట్టేవాడు, విప్పేవాడు, మళ్లీ కట్టేవాడు. చచ్చిపోయిన సిపాయిలా పడుకోమంటే పడుకునేది గానీ, నాడి పట్టుకోగానే కిసుక్కున నవ్వేది.

"చచ్చినోళ్లు నవ్వరు పాపా," అనేవాడు వాడు.

వాడికి పాప. కృష్ణప్ప మాత్రం అలా అనేవాడు కాదు. పోయిన తన అమ్మ పేరే, మునివెంకటమ్మ అని, కూతురికి పెట్టుకున్నాడు. అమ్మను పేరు పెట్టి పిలవడానికి నోరు రాలేదు. అందుకని తల్లీ అనేవాడు. భార్య కాన్పులోనే కన్నుమూసింది కాబట్టి ఆయన లోకమంతా ఆ పిలుపులోనే ఉండేది.

చివరికి సేలం వాళ్లు ఇచ్చిన తేదీ, కొడుకు పరీక్ష ఒకే వారంలో పడ్డాయి. యువరాజ్ సెలవు అడిగాడు. దొరకలేదు. ఆ తేదీ రాకముందే, మందులకని తీసుకెళ్లిన రోజున, ధర్మపురి బస్టాండులో తండ్రి ఒళ్లోనే ఆ పిల్ల తల వాల్చేసింది.

ఆ సాయంత్రమే మాదేశ్వరన్ చేత ట్రైనింగ్ సెంటర్ ఆఫీసుకు ఫోన్ చేయించాడు కృష్ణప్ప. పరీక్షలని కుర్రాళ్ల సెల్‌ఫోన్లన్నీ లోపల పెట్టేశారట. కొడుకుని పిలుచుకొచ్చేసరికి లైను గరగరమంటోంది. ఎంతో చెప్పాలనుకున్నాడు. ఏడ్చి ఏడ్చి గొంతు పూడుకుపోయి రెండు ముక్కలే వచ్చాయి.

"తల్లి పోయిందిరా."

అవతలి నుంచి కొడుకు గొంతు వినపడింది. నెత్తిమీది మూట దించుకున్నవాడిలా తేలిగ్గా ఉంది.

"మంచిదే అయింది నాయనా. పరీక్ష ముగించుకొని వచ్చేస్తాను. మిగిలినదంతా అప్పుడు చూసుకుందాము."

లైను తెగిపోయింది. మంచిదే అయిందట. కృష్ణప్ప మనసు అక్కడే విరిగిపోయింది.

పిల్లని మట్టిలో పెట్టిన రోజు వాడు రాలేదు. గుంత మీద పాలు పోసే రోజుకైనా వస్తాడని లక్ష్మమ్మాళ్ వీధిలోకి చూస్తూ కూర్చుంది. రాలేదు. ఆ తర్వాత వాడి నంబరు మోగింది. మళ్లీ మోగింది. కృష్ణప్ప తీయలేదు, అక్కనీ తీయనివ్వలేదు. ఆ మాట ఊరంతా పాకింది. సొంత చెల్లెలు పోతే మంచిదే అన్నవాడు రేపు ఎవరి ప్రాణం నిలబెడతాడని టీ కొట్టు దగ్గర ఆడిపోసుకున్నారు.

ఇప్పుడు బస్సు దిగి నడిచి వస్తున్న యువరాజ్‌ని చూసి అందరూ ముఖం చాటేశారు. వాడు తలుపు కొట్టాడు. పిలిచాడు. మళ్లీ కొట్టాడు.

గడియ తీసింది కృష్ణప్పే. కడుపులో ఉన్నదంతా వాడి ముఖాన కక్కేయాలని తీశాడు.

ఎదురుగా కొత్త యూనిఫారం, ఎండకు కమిలిన ముఖం, ముఖం నిండా నవ్వు.

"పాసైనాను నాయనా," అంటూ కాళ్లకు దండం పెట్టబోయాడు.

ఆ నవ్వు చూసేసరికి కృష్ణప్పకి ఒళ్లు మండిపోయింది. పుట్టినప్పటి నుంచి కొడుకు మీద చెయ్యి చేసుకోని మనిషి, లాగిపెట్టి కొట్టాడు.

యువరాజ్ బిత్తరపోయాడు. చెంప తడుముకుంటూ, తండ్రి భుజం మీదుగా ఇంట్లోకి తొంగి చూస్తూ అడిగాడు: "ఆపరేషన్ తళ్ళిపోయిందంటివి కదా నాయనా, పాపకి మళ్లీ ఏ తేదీ ఇచ్చినారు?"