తడిమితే తెలియకూడదు

"చూస్తే తెలుస్తుందా అని కాదు డాక్టరుగారూ, తడిమితే తెలుస్తుందా?"

డాక్టరు కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. చిరిగిన చెవితమ్మె కుట్టించుకోవడానికి వచ్చేవాళ్లు అద్దంలో ఎలా కనిపిస్తుందని అడుగుతారు. తడిమే గొడవ ఇంతవరకూ ఎవరూ ఎత్తలేదు.

"కొన్నాళ్లు గట్టిగా తగులుతుందమ్మా. తర్వాత మెత్తబడుతుంది. కమ్మలు మాత్రం మూడు నెలల దాకా..."

"కమ్మలెవరికి కావాలండీ! ఇవాళే కుట్టెయ్యండి."

పెద్దదానికి ఒళ్లు మండిపోతోంది. మండదూ మరి? చిన్నప్పుడెప్పుడో స్వెట్టరు విప్పుతుంటే తన చెవి రింగు ఊలుకి తగులుకుని తమ్మె రెండుగా చీలింది. అచ్చు గుద్దినట్టుండే కవలల్లో ఎవరు పెద్దదో, ఎవరు చిన్నదో తల్లికి అదే గుర్తయింది. ఇప్పుడా తల్లికి చూపు లేదు. మంచం దగ్గరికి వస్తే చాలు, చెయ్యి చాచి ముందు చెవే తడుముతుంది.

"నువ్వా పెద్దదానా! చిన్నదేదే? అదొస్తేనే తింటాను."

అంతే, పెదవులు బిగించేస్తుంది. స్నానం చేయించేది పెద్దది, పక్క మార్చేది పెద్దది, బతిమాలేది పెద్దది. కలవరించేది మాత్రం చిన్నదాన్ని! మనిషి చూస్తుండగానే పుల్లలా అయిపోతోంది. నిన్న విసుగు పట్టలేక పెద్దది చెంచా గిన్నెలోకి విసిరికొట్టి, వంటింట్లో కూర్చుని ఏడ్చింది.

"మీ చెల్లెలికి ఓ ఫోను కొట్టకూడదూ?" మత్తు సూది సిద్ధం చేస్తూ అంది నర్సు.

"కొడితే ఎత్తొద్దూ!"

"అమ్మ మీద కూడా అంత పంతమా?"

పెద్దది తల పక్కకి తిప్పి చెవి అందించింది. సూది దిగుతుంటే కళ్లు గట్టిగా మూసుకుంది.

"చెల్లెలితో పోటీయా అమ్మా?" డాక్టరు నవ్వాడు.

"పోటీయే అనుకోండి. అమ్మ దగ్గర ఎప్పుడూ గెలిచేది అదేగా!"

వారం తర్వాత కుట్లు విప్పారు. పొద్దస్తమానం క్రీము రాసి తమ్మెని మర్దన చేస్తూనే ఉంది. 'ఈ దిక్కుమాలిన గీత ఎప్పటికి అణుగుతుందో!' అని తిట్టుకుంది. తల్లి గదిలోకి వెళ్లినప్పుడల్లా తలకి స్కార్ఫు బిగించి, "చెవిపోటమ్మా, ముట్టుకోకు," అని కసురుకుంది. తల్లి రెండు చెంచాలు మింగి మొహం తిప్పేసుకునేది.

ఓ సాయంత్రం స్కార్ఫు తీసేసింది. గిన్నె పట్టుకుని వచ్చి, మాట్లాడకుండా మంచం మీద కూర్చుంది.

తల్లి చెయ్యి చాచింది. వేళ్లు తమ్మెని పట్టుకున్నాయి. కిందికి జారాయి, మళ్లీ పైకి పాకాయి. చీలిక కోసం వెతికి వెతికి ఆగిపోయాయి.

ముసలి మొహం విప్పారింది. "ఇంతాలస్యమా చిన్నదానా? ఆకలేస్తోందే!"

"దార్లో ఆలస్యమైందమ్మా," అని, నిరుడు కన్నుమూసిన చెల్లెలిలాగే గారాలు పోతూ, పెద్దది మొదటి చెంచా నోటికందించింది.