లాగౌట్ చేయని సీటు

ఆసుపత్రి కంప్యూటర్ గదిలో ఆమె ఒక్కతే ఉంది. సాయంత్రమే డేటాబేస్‌ను కొత్త వెర్షన్‌కు మార్చారు. తెల్లవారి ఐదింటికల్లా వార్డులకు మందుల జాబితా వెళ్ళకపోతే నర్సుల చేతులు కట్టేసినట్టే.

జాబితా తీసే పాత ప్రోగ్రాం మొరాయిస్తోంది. అది ముందుగా ఒక తాత్కాలిక టేబుల్ తయారుచేసుకుంటుంది. చేసినవాళ్ళు లాగౌట్ కాగానే ఆ టేబుల్ దానంతటదే పోవాలి. ఇప్పుడేమో ఆ టేబుల్ ఇప్పటికే ఉందంటోంది.

ఆమె జూనియర్‌కి ఫోన్ చేసింది.

"ఎవరో లాగౌట్ చెయ్యలేదక్కా, అంతే. పెద్దసార్ జబ్బు ఎవరికి అంటుకుందో చూడు," అని అతను నిద్రమత్తులోనే నవ్వాడు.

ఆ ప్రోగ్రాం రాసింది పెద్దసారే. లాగౌట్ చేయడం ఆయనకు ఏనాడూ గుర్తుండేది కాదు. ఇంటికి వెళ్ళేముందు మాత్రం మరవకుండా ఆమె కుర్చీ వెనక నిలబడి, తెర చూసి, "బాగుందమ్మా" అనేవారు. ఆయన పోయి ఏడాదైంది.

ఎవరు కనెక్టయి ఉన్నారో చూసింది. ఆయన పేరే ఉంది. రాత్రి పదకొండు నలభైకి, మూల సీటు నుంచి. ఆ సీటులో కంప్యూటర్ తీసేసి చాలాకాలమైంది.

ఆ కనెక్షన్ తెంపేసింది. క్షణంలో ఆ పేరు మళ్ళీ వచ్చింది. రెండోసారీ అంతే.

గడియారం నాలుగూ యాభై చూపిస్తోంది.

"సార్," అంది ఆమె, మూలకేసి చూడకుండా. "లాగౌట్ చెయ్యండి. పిల్లల వార్డుకి మందులు వెళ్ళాలి."

మూలనుంచి ఒక్క మీట నొక్కిన చప్పుడు.

పేరుతోపాటు టేబుల్ కూడా పోయింది. ప్రింటర్ కదిలింది.

మూలనున్న కుర్చీ వెనక్కి జరిగింది. అడుగులు తలుపువైపు వెళ్తాయని ఆమె ఎదురుచూసింది. అవి మెల్లగా ఇటే వచ్చి, ఆమె కుర్చీ వెనక ఆగాయి.