పిలుపు మానేసిన కోడి

మిఠాయి కొట్టు వెనక పెరట్లో ఒక కోడి తన పిల్లలతో ఉండేది. మిగిలిపోయిన బూందీ రోజూ వాటి గిన్నెలోకే వచ్చేది. తినడం, బరువెక్కి మూలన కునకడం, లేచి ఒకదాన్నొకటి పొడుచుకోవడం, అంతే.

పక్కింటి బాతుకు ప్రతిదీ తెలుసుకోవాలని ఆత్రం. "వదినా, ఈమధ్య నీ కొక్కొక్కో వినపడదేం?" అని అడిగింది.

"గిన్నె ఎదురుగానే ఉంటే పిల్లల్ని పిలవడమెందుకు?" అంది కోడి.

ఒకరోజు కొట్టు తెరవలేదు. ఆకలికి కోడి పెంటకుప్ప కెలికింది. వానపాము కనపడగానే గొంతులోంచి "కొక్కొక్కో!" తన్నుకొచ్చింది. పిల్లలు పడుతూ లేస్తూ పరుగెత్తుకొచ్చాయి. పొద్దుగూకేదాకా కెలుకుడే, కేరింతలే.

మర్నాడు గిన్నె నిండింది. కోడి దాన్ని దాటుకుని కుప్ప దగ్గరికే నడిచింది.

"ఏం, బూందీ చేదైపోయిందా?" అంది బాతు.

"తియ్యగానే ఉంది వదినా. కానీ దాన్ని చూస్తే ఎవర్నీ పిలవబుద్ధి కావట్లేదు."