వేడెక్కితే గానీ పట్టవు

నలభై ఏళ్లనాటి ఎర్రటి రెండు సీట్ల రేసు కారును నా షెడ్డులో ఆపి, ఒక బట్టతలాయన బల్ల మీద రెండు జతల బ్రేకు ప్యాడ్లు పెట్టాడు. ఏవి బిగించాలో నన్నే చెప్పమన్నాడు.

“ఈ రేసు ప్యాడ్లు వేడెక్కితే గానీ పట్టవండీ. పొద్దున్నే వీధిలోకి తీశారంటే మొదటి సిగ్నల్ దగ్గరే బస్సు వెనక సీట్లో తేలతారు. రెండో జత వీధికి బంగారం. ట్రాక్ మీద మాత్రం నాలుగు చుట్లకే చేతులెత్తేస్తాయి,” అన్నాను.

ఆ మాటకొస్తే నేనూ రేసు ప్యాడ్ల జాతే. రెండు కాఫీలు పడితే గానీ పానా పట్టుకోను. మా ఆవిడ దీన్ని బద్ధకం అంటుంది, మెకానిజం తెలియక.

ఆయన రెండు జతలనూ చేత్తో తూచి, రేసు ప్యాడ్లే నా చేతిలో పెట్టాడు.

“వీధిలో నడిపేదెవరండీ?”

“నేనే.”

“మరి ప్రాణం మీద తీపి లేదా?”

“ఉంది కాబట్టేనయ్యా. ట్రాక్ మీద నడిపేది మా అత్తగారు. నేను బస్సును గుద్దితే ఆస్పత్రిలో హాయిగా పడుకుంటాను. ఆవిడ గోడను గుద్దితే, నేను ఇంటికెళ్లి ఆవిడ కూతురితో కాపురం చెయ్యాలి.”