ప్రశ్నల తాత

"ఏడ్చింది చాలు. ఆ ఉత్తరం ఇటివ్వు."

డయాలసిస్ గది బయట బెంచీ మీద ముక్కు తుడుచుకుంటున్న టైలరమ్మ ఉలిక్కిపడింది.

పక్కన ముసలాయన. లోపల ఆమె పక్క మంచమే ఆయనది. నోరు తెరిస్తే ప్రశ్నే. అందుకే అందరూ ప్రశ్నల తాత అంటారు.

ఆమె ఉత్తరం ఇచ్చింది.

"పాలసీ తీసుకోకముందే జబ్బుంది, దాచిపెట్టావు, కాబట్టి ఆస్పత్రి ఖర్చులు ఇవ్వం అంటున్నారు," తాత కాగితం మడిచాడు. "అప్పీలు చేశావా?"

"అంత పెద్ద బీమా కంపెనీతో నేనేం పోట్లాడతాను తాతగారూ? మావారు కుట్టుమిషను అమ్మేద్దామంటున్నారు. లేదంటే వారానికి మూడుసార్లు కాకుండా రెండుసార్లే వద్దామని..."

"రెండుసార్లే వస్తే ఏమవుతుందో తెలుసా?"

తెలుసు. అందుకే ఏడుస్తోంది.

"అప్పీలు చెయ్యి. మిగతాది నేను చూస్తా."

ఆ మరుసటి వారం నుంచి, ఆమె రక్తం యంత్రంలో తిరుగుతున్నంతసేపూ తాత, అప్పీలు విచారణలో ప్రశ్నలడిగే కంపెనీ ఆఫీసరు అవతారం ఎత్తేవాడు.

"పాలసీకి ముందు మీ కాళ్లు వాచేవా, లేదా?"

"లేదండీ."

"అబద్ధం! మీ డాక్టరు చీటీలో ఉంది. ఇప్పుడేమంటారు?"

ఆమెకు ఒళ్లు మండింది. "అసలు మీరు నావైపా, వాళ్లవైపా?"

"ముందు జవాబు చెప్పు."

"వాచేవి! పొద్దస్తమానం మిషను తొక్కితే వాయవా మరి?"

తాత మొహం వెలిగింది. "అదీ! ఉన్నది ఉన్నట్టు చెప్పు. మళ్లీ మొదటినుంచి!"

నర్సు నవ్వేది. "చాల్లెండి తాతగారూ, పాపం బీపీ పెరుగుతోంది."

"ఇక్కడ పెరిగితే పెరగనీ. అక్కడ పెరగకూడదు."

ఒకరోజు టైలరమ్మే అడిగింది. "ఇన్ని తెలుసు మీకు. లాయరుగా చేశారా?"

తాత మొహం అటు తిప్పుకున్నాడు. ఆ పూట ఇంకో ప్రశ్న కూడా వెయ్యలేదు. కళ్లు మూసుకుని పడుకున్నాడు.

విచారణ ఇంక రెండురోజులుందనగా ఆయన మంచం ఖాళీగా కనిపించింది.

"నిద్రలోనే పోయారట," అంది నర్సు.

గెలిచాక ఆయనకివ్వాలని టైలరమ్మ ఒక చొక్కా కత్తిరించి పెట్టుకుంది. డయాలసిస్‌కి సూదులు గుచ్చే చెయ్యి వైపు భుజం దాకా గుండీలు వచ్చేలా. ఆ గుడ్డలో మొహం దాచుకుని తనివితీరా ఏడ్చింది. విచారణ రోజు మాత్రం కళ్లు తుడుచుకుని వెళ్లింది.

కంపెనీ ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు.

"పాలసీకి ముందు మీ కాళ్లు వాచేవా, లేదా?"

అక్షరం తేడా లేదు. ఆమెకు కొండంత ధైర్యం వచ్చింది.

"వాచేవండీ."

లేదంటుందనుకున్న ఆఫీసరు తడబడ్డాడు. "మరి... పాలసీ తీసుకునేటప్పుడు ఎందుకు చెప్పలేదు?"

"రోజంతా మిషను తొక్కేదాన్ని. వాచేవి. పడుకుని లేస్తే తగ్గేవి. కాళ్ల వాపే కిడ్నీ జబ్బయితే మా కుట్టుపని వాళ్లందరూ ఈపాటికి ఆస్పత్రిలోనే ఉండాలి. నాకు జబ్బని డాక్టరు చెప్పింది పాలసీ తీసుకున్న రెండేళ్లకి. తెలియనిదాన్ని ఎలా దాస్తారండీ?"

విచారణాధికారిణి కలం కింద పెట్టి ఆఫీసరువైపు తిరిగింది.

"చెప్పండి. ఎలా దాస్తారు?"

ఆఫీసరు కాగితాలు అటూ ఇటూ తిప్పాడు.

కాసేపటికే తీర్పు చదివారు. పాత బిల్లులన్నీ కంపెనీయే కట్టాలి. ఇకమీదట చికిత్స ఒక్క పూట కూడా ఆగకూడదు.

వరండాలో ఆమె భర్త చిన్నపిల్లాడిలా గంతేశాడు. "మిషను అమ్మేది లేదే! ఇంటికెళ్లగానే దానికి నూనె వేస్తా!"

"ముందు నాకు ఓ కప్పు టీ పోయించండి. గొంతెండిపోయింది," అంటూ ఆమె పకపకా నవ్వింది. ఎన్నాళ్లకో.

అంతలో ఆఫీసరే వాళ్ల దగ్గరికి వచ్చాడు.

"ఏమీ అనుకోకండమ్మా. ఒక్క ప్రశ్నకూ తొణకలేదు మీరు. ఎవరు నేర్పారు?"

ఆమె ఫోనులో ఫొటో చూపించింది. నర్సు తీసింది. పక్కపక్క మంచాల మీద తను, తాత.

ఆఫీసరు ఫోను దగ్గరికి తీసుకుని చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"రిటైరయ్యేదాకా మా ఆఫీసులో చెల్లవంటూ క్లెయిములు కొట్టేసింది ఈయనేనమ్మా," అన్నాడు మెల్లగా. "ఆ ప్రశ్నలు మాకు నేర్పిందీ ఈయనే."